గుర్తు లేనిది

ఒక పెద్ద కాగితం.
మూడు మడతలు, నడుమ ఒక కోత,
ఎనిమిది పేజీల పుస్తకం.
ఒక్క రాత్రిల అయిపోతది అనుకున్న.
పదకొండు రాత్రులు పట్టింది.

దీన్ని జీన్ అంటరు అని చెప్పిన ఘాట్ కాడ.
"జీన్స్ ప్యాంటా? నీళ్లల్ల నానితే
దున్నపోతంత బరువుంటది, మాకొద్దు" అన్నది సత్తెమ్మ.
అట్ల మొదలైంది.

మొదటి పేజీల పటం గీసిన.
చిలకలగూడ దిక్కుకెల్లి దిగే మెట్లు,
పందొమ్మిది బండలు, రెండు బోర్లు,
అండ్ల ఒకటి ఎండకాలం పలకది.
మొగులయ్య అద్దాలు నుదుటి మీదికెక్కించి చూసిండు.
"నా బండ గంత దూరం ఎందుకు జరిపినవ్ బిడ్డా?
నలభై ఏండ్లాయె, నేనే జరపలే."
రబ్బరు పెట్టి తుడిచిన.
కాగితం పలచబడ్డది ఆ జాగల.

సవుడు మట్టి పోయి సోడా వచ్చింది,
సోడా పోయి పౌడరు వచ్చింది,
చేతుల పగుళ్లు ఏడికీ పోలే.
వాటిని గీయనీకి నా పెన్సిలు చాలలే.
సత్తెమ్మ అరచేతికి ఇంకు రాసి
మూడో పేజీ మీద ఒత్తిపిచ్చిన.
ఆమె చెయ్యి తీసి చూసుకొని
"గిన్ని తొవ్వలున్నయా" అన్నది.

నాలుగో పేజీ అండాలుది.
ఆమెకు అక్షరాలు రావు.
జీడిగింజకు పిన్నీసు గుచ్చి
కాలరు లోపట, నాడా పక్కపొంటి
పెట్టే నల్ల చుక్కలే ఆమె రాత.
రెండు చుక్కలు, కింద గీత: పోస్టాఫీసు క్లర్కు.
వంకర కొక్కెం: పియానో నేర్పే రోజ్‌లిన్ టీచరు.
చెవి లెక్క ఉన్నది జిరాక్స్ జిలానీ భాయ్‌ది.
అడుగుతున్న, చెప్తున్నది, ఎక్కిస్తున్న.
"ఈ మూడు గీతలు ఎవలియి?"
చెప్తున్నదల్ల ఆగింది.
"ఆ సారు పోయిండు, కరోనల.
ఆ గుర్తు మల్ల ఎవ్వలకు ఇయ్యలే."
"మరి పుస్తకంల వెయ్యొద్దా?"
కొంచెం సేపు అంగీ మడత పెట్టుకుంట ఊకున్నది.
"ఎయ్యి. చిన్నగ ఎయ్యి."

"మీ ఇంటి గుర్తేంది అక్కా?"
నవ్వింది. ముక్కుపుల్ల మీద సబ్బు నురుగు.
"మాకెందుకే?
అందరివి అందరికి పంచినంక
మిగిలినయే మాయి."

జిలానీ భాయ్ మిషన్ మూత ఎత్తి
"ఇత్తీ సీ కితాబ్?" అన్నడు.
నాలుగో పేజీ కాడ మాత్రం వేలు ఆగింది.
తన కుర్తా కాలరు మెల్లగ మడిచి చూసుకున్నడు.
నలభై కాపీలు. మొదటిది వంకర వచ్చిందని
దానికి పైసలు తీసుకోలే.

మడతలు నాకు కుదరలే. అండాలు గుంజుకున్నది.
"మడత నాకు నేర్పిస్తవా?"
బొగ్గులు ఊది, పెట్టె ఆనిచ్చింది.
కాగితం మీది నలుపు కరిగి
సగం ఘాటు ఇస్త్రీపెట్టె అడుగుకు అంటుకున్నది,
బండలు, మెట్లు, అన్ని ఎడమ కుడైనయి.
ఇద్దరం నవ్వి నవ్వి కూలబడ్డం.
తర్వాత పాత ధోతి పీలిక మీదేసి
ఒక్కొక్కటి వత్తింది. కత్తి అంచు మడతలు.

తెల్ల దారంతోని నేను నడుమ కుట్టు వేస్తుంటే
ఆమె వెనక అట్ట మీద గుర్తు పెట్టుకుంట పోయింది,
ఎవల మూటల ఎవల కాపీ పోవాల్నో.
పేరు చదవలే, చిట్టీ చూడలే.
తెల్లారేసరికి ముప్పై ఎనిమిది మూటలు
సైకిలెక్కి, స్కూటరెక్కి, నెత్తినెక్కి
వారాసిగూడ దాటినయి,
అంగీల నడుమ సన్నగ, ఇంకా వెచ్చగ.

బల్ల మీద ఒక్కటి ఉన్నది. ఆ వంకరదే.
పటం ఓ పక్కకు ఒరిగి
రెండో బోరు కాగితం బయట పడ్డది.
పిన్నీసు అందిచ్చిన.
అండాలు చెయ్యి చాపలే.
జీడిగింజల డబ్బా మూత పెట్టి
బొగ్గుల మీద నీళ్లు చల్లింది.