రెండొందల ఇరవైలోంచి

నౌపడ ఉప్పుమడుల గట్టు మీద
తెల్లారగట్ల ఐదుం ముప్పావు.
పదహారంగుళాల చెక్కపెట్టె, స్టాప్‌వాచీ,
రొమ్ముకి చుట్టే బెల్టు,
టిక్కుటిక్కుమని లెక్కపెట్టే ఫోను,
ముప్పై మందికి గీతలు గీసుకొచ్చిన కాయితం.
ప్రాజెక్టు నాది. గుండెలు వీళ్లవి.

పదకొండో గీత మీద బొమ్మాళి దాలమ్మ.
"వ్యాయామం చేసే అలవాటు ఉందా?" అని అడగాలి, అడిగాను.
"అదేటి బాబూ?" అంది,
చేతిలో ఉప్పు లాగే పలక పట్టుకుని.
లేదు అని టిక్కు పెట్టాను.

బెల్టు చుట్టుకుంటూ నవ్వింది,
"పుస్తెలతాడుకి తోడు ఇదొకటా!"
కూర్చోబెట్టి చూస్తే యాభై ఎనిమిది.
మిషను పాడైందేమోనని
బెల్టు తడిపి, మళ్లీ బిగించి చూశాను.
యాభై ఏడు.

ఎక్కు, ఎక్కు, దిగు, దిగు.
నిమిషానికి ముప్పైసార్లు, ఐదు నిమిషాలు.
ఎక్కడం మొదలెట్టిందో లేదో తడబడింది.
ఫోను ఒకటంటే కాలు రెండంటోంది.
ఆగి, నుదురు తుడుచుకుని, సిగ్గుపడుతూ అంది:
"వొట్టి నెత్తితో అడుగు పడదు బాబూ.
తట్టొకటి పెట్టు."

పుస్తకంలో తట్ట లేదు.
గైడు గారికి ఫోను చేద్దామంటే సిగ్నలు లేదు.
చుట్టకుదురు సర్దుకుని తనే వంగింది,
ఇద్దరు ఆడవాళ్లు తట్టెత్తి పెట్టారు
పచ్చి ఉప్పు, కింద నుంచి నీళ్లు కారుతూ.
అప్పుడు చూడాలి.
మెడ కదల్లేదు, చూపు చెదరలేదు,
రెండు కాళ్లూ ఫోనుతో ఎప్పటినుంచో చుట్టరికమున్నట్టు
ఎక్కు, ఎక్కు, దిగు, దిగు.

ఆపిన క్షణాన నూట ముప్పై రెండు.
నిమిషానికి తొంభై ఆరు.
రెండో నిమిషానికి డెబ్బై నాలుగు.
మూడోది రాసేలోపే
"అయిపోయిందా, మడి ఎండిపోతంది" అంటోంది.
మా కాలేజీ కబడ్డీ జట్టులో ఒక్కడి గుండే
ఇంత తొందరగా ఇంటికి చేరలేదు.

ఇక మిగిలింది ఒక్క గడి.
రెండొందల ఇరవైలోంచి వయసు తీసేస్తే
గుండె ఎంతవరకు పరిగెత్తగలదో వస్తుంది.
"వయసెంతమ్మా?"
"రైలుకట్ట మునిగిన గాలివాన లేదూ,
అప్పటికి నాను పాక్కుంతన్నానంట.
కాదు, కడుపులోనే ఉన్నానని మా అప్ప."
ఆధారు కార్డు తెప్పించాను. జనవరి ఒకటి.
చూస్తే పేట మొత్తం జనవరి ఒకటినే పుట్టింది.
రెండొందల ఇరవై అక్కడే నిలబడింది,
తీసేయడానికి ఏమీ దొరక్క.

మధ్యాహ్నం కొటారు దగ్గర
ఉప్పు తూచే కాటా మీద నిలబెట్టాను.
పొద్దున్న నలభై మూడున్నర,
ఇప్పుడు నలభై రెండుం పావు.
తాగిన చెంబు నీళ్లు కలిపి లెక్కేస్తే
కేజీన్నర పైనే చెమటైపోయింది.
"ఎక్కడికి పోనాది మరి?" అని అడిగింది.
నేను మడుల వైపు చూశాను.
తనూ చూసింది.
"అయితే గుమస్తాకి సెప్పు బాబూ,
నా ఉప్పు కూడా అందులోనే ఉంది,
దానికీ కూలి కట్టమను."
చుట్టూ ఉన్నవాళ్లు పడీపడీ నవ్వారు.
గుమస్తా నవ్వలేదు.

వెళ్లబోతూ వెనక్కొచ్చి
అరచెయ్యి నా చొక్కా మీద ఆనించింది.
పొడిబారి, పగుళ్లు తేలి, చల్లగా ఉంది ఆ చెయ్యి.
కాసేపు విని,
"దడదడలాడతంది. నువ్వేటి మోసినావు?" అంది.

జవాబు చెప్పలేదు.
చెక్కపెట్టె సంచిలో పెట్టుకున్నాను.
పన్నెండో గీత మనిషి వచ్చి నిలబడింది.
ఫోను ఆపడం మర్చిపోయాను,
జేబులో అది ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది.
దాలమ్మ అప్పటికే గట్టు దాటి మడిలో ఉంది,
దాని లెక్కకి అందకుండా.