పీకల దాకా

స్టోర్నవే నుంచి వచ్చే బస్సులో
నాతో కలిపి నలుగురం, ఒక కుక్క.
డ్రైవర్ టోర్మోడ్ అద్దంలోంచి నా టోపీ చూసి
"అది రాళ్ల దాకా రాదు" అన్నాడు.
నిజమే. దిగీ దిగగానే గాలి లాక్కుని
గొర్రెల కంచె మీదుగా సముద్రపు పాయలో పడేసింది.
ఎప్పుడు మొక్కానో గుర్తులేని మొక్కు తీరినట్టు
ఉత్త నెత్తితో దర్శనానికి వెళ్లాను.

ఫోటోల్లో పెద్దమనుషుల పంచాయితీలా ఉండేవి.
ఇక్కడ, ఈ అడ్డవానలో,
బస్సు తప్పిపోయిన పెళ్లివారిలా ఉన్నాయి:
ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా,
నడిమధ్య పొడుగాయన ఒక్కడే
తప్పంతా తనదే అన్నట్టు నిటారుగా.

రాతి నిండా చారలు, నల్లవీ తెల్లవీ,
అక్కడక్కడా చిగుళ్ల రంగు.
మూడు వందల కోట్ల ఏళ్లట.
చెయ్యి వేశాను. చల్లగా ఉంది.
ఏదో గొర్రె వీపు రుద్దుకున్న చోట
రెండు పోగుల ఉన్ని.

ఎర్ర కోటు అమ్మాయి రాయికి నుదురానించి
చాలాసేపు కళ్లు మూసుకుంది.
ఏమైనా తెలుస్తోందా అని అడిగాను.
"ఇటు వాన పడదు" అంది.

నేనూ ఇంకో రాయి చాటుకు చేరాను.
అప్పుడు కనబడింది,
ఉందా లేదా తేల్చుకోలేని ఒక గీత,
సరిగ్గా నా మెడ ఎత్తున.
కింద ఒక రంగు, పైన ఒక రంగు.
వరద తీశాక గోడ మీద మిగిలినట్టు.

"పీట్" అంది రాత్రి మర్డీనా, నేను దిగిన ఇంటావిడ,
పొయ్యిలోకి నల్లటి పెళ్ల ఒకటి తోస్తూ.
చచ్చిన నాచు, చచ్చిన గడ్డి,
ఏడాదికి వెంట్రుకవాసి చొప్పున పేరుకుని
రాళ్లని పీకల దాకా పూడ్చేసిందట.
ఎండబెడితే పిడకలా మండుతుంది.
"మా పాతతరాల వాళ్లు తలకాయలే చూశారు.
అంత ఒళ్లుందని ఎవరికి తెలుసు!
తరవాత దీవిని కొనుక్కున్న దొర తవ్వించాడు.
తవ్విందాంట్లో మా ముత్తాతా ఉన్నాడంటారు.
ఈ ఊళ్లో అందరి ముత్తాతలూ ఉన్నారంటారు."

వాళ్ల భాషలో ఆ రాళ్లకి
అబద్ధపు మనుషులని పేరు.
దూరం నుంచి మనుషులే, దగ్గరికెళితే కాదు.
"మనుషుల్లో మాత్రం అలాంటివాళ్లు లేరా" అని
టీ కప్పులోకి నవ్వింది.

ఇంకోటి చెప్పింది. కరువు రోజుల్లో
సముద్రంలోంచి ఒక తెల్లావు వచ్చి
ఆ రాళ్ల నడుమ నిలబడి
ఇంటికో కుండెడు పాలిచ్చేదట.
ఒకావిడ జల్లెడ తెచ్చి కింద పెట్టింది.
నిండేదెప్పుడు?
తెల్లారేసరికి ఆవు వట్టిపోయింది.

"నువ్వెన్ని ఫోటోలు తీశావు?"
"రెండొందల పద్నాలుగు."
ఇంకో పెళ్ల తోసింది పొయ్యిలోకి.

పన్నెండు కొట్టేలోగా
దండెం మీద నా తడి మేజోళ్లు తీసుకొచ్చేసింది.
ఆదివారం ఇక్కడ తీగ మీద బట్టలుండకూడదు.
బస్సు కూడా లేదు.
కోటు ఇంకా ఆరలేదని
పోయిన మొగుడి స్వెటర్ ఒకటి ఇచ్చింది,
ముతక ఉన్ని, గొంతుని పట్టేసే మెడ,
ఎన్ని ఉతుకులకీ వదలని పొగ వాసన.
ఆయన గురించి నేనడగలేదు, తను చెప్పలేదు.

పొద్దున్నే అందులో పీకల దాకా దిగి
మళ్లీ పైకి వెళ్లాను.
టికెట్ల గది మూసి ఉంది. వాన లేదు.
ఊరంతా చర్చిలో ఉంది.
ఫోన్ తియ్యలేదు. గొప్పేం కాదు,
ఛార్జింగ్ అయిపోయింది.
పొడుగాయన పక్కన నిలబడి
ఆయన ఎటు చూస్తున్నాడో అటే చూశాను.
పాయ. బురద. ఒక పడవ, బోర్లా.

ఇంతలో కారు ఆగింది. ఒకాయన దిగి
కెమెరా ఎత్తి, కాస్త పక్కకి జరగమని చెయ్యూపాడు.
జరిగాను.
దగ్గరికొచ్చాక అడిగాడు, నన్ను ఊరిమనిషే అనుకుని,
టీ ఎక్కడ దొరుకుతుందని.
ఆదివారం దొరకదన్నాను, టోర్మోడ్ గొంతుతో.
టోపీ సంగతి కూడా చెబుదామనుకునేలోగా
అది గొర్రెల కంచె దాటింది.