గిటారు తీగ

లమారా అనే నర్సు నా వేలు పొడిచింది.
కొత్త సూది. నా కళ్లముందే కవరు చింపి తీసింది,
పొడిచాక డబ్బాలో పడేసింది.
మనిషికొక సూది!
ఆ దుబారా చూసి నవ్వొచ్చింది నాకు.

మాకు ఒక్కటే ఉండేది, బరాకు మొత్తానికీ.
రుస్తావి జైల్లో
రోజుకి రెండు గంటలే కరెంటొచ్చే చలికాలం.
ఎవరిదో గిటారు విరిగితే దాని సన్న తీగని
సిమెంటు గచ్చు మీద మూడు రోజులు నూరాను.
పాత టేప్ రికార్డర్ మోటారు, పెన్ను గొట్టం.
బూటు మడమ కాల్చిన మసిని షాంపూలో కలిపితే సిరా.
దొంగతనంలో రాని పేరు
ఈ పనిలో వచ్చింది నాకు.

మల్ఖాజ్ ఛాతీ మీద ద్రాక్షగుత్తి.
నుగ్జార్ మోకాళ్ల మీద చెరో నక్షత్రం,
ఎవడి ముందూ మోకరిల్లనని.
కుర్రాడు ఖ్వీచా మణికట్టు మీద కూతురి పేరు.
అందులో ఒక అక్షరం తప్పు పడింది.
వాడి దగ్గర సిగరెట్లు తీసుకోలేదు.

మనిషి మారినప్పుడల్లా సూదిని టీ గ్లాసులో ముంచేవాణ్ని.
టీ వేడిగానే ఉండేది,
శుభ్రమే అనుకున్నాం.

రేజరూ ఒక్కటే.
ఆదివారం వరసలో ముందువాడి గడ్డం గాటు
వెనకవాడి గడ్డానికి అందేది.
సిరంజి సంగతి వేరు, అది రాత్రి సంగతి.
రాత్రి చెయ్యి చాపినవాళ్లు పగలు దాని ఊసెత్తరు.
"వాడేవాడివా?" అంది లమారా.
తలూపాను.
ఎటు ఊపానో నాకే తెలీలేదు, తను రాసుకుంది.

ఈ రోగం అరవదు.
తాళాలు గలగలలాడించదు.
ఇరవై ఏళ్లు కాలేయంలో ఓ మూల కూర్చుని
గోడ మీద గీతలు గీసుకుంటుంది,
తన శిక్ష కాదు, మనది.

ఖ్వీచా విడుదలై కుతాయిసి వెళ్లాడు.
పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి పోయాడని
వాళ్ల వీధివాడొకడు లోపలికొచ్చి చెప్పాడు.
మణికట్టు మీది పచ్చ నాదే.
కళ్లలో పచ్చ ఎవరిదో.
నాకు ముందే ఉందా, వాడి నుంచి వచ్చిందా,
నుగ్జార్ నుంచా, ఆ రాత్రి సిరంజి నుంచా?
సూది పద్దు రాసుకోదు.

"మందుంది" అంది లమారా.
రోజూ మాత్ర, పన్నెండు వారాలు, డబ్బక్కర్లేదు.
దొంగకి కూడానా? అన్నాను.
కాలేయానికి, అంది.

తరవాత అడిగింది:
"ఎవరెవరికి పొడిచావు?
వాళ్లకి తెలిసుండదు."

పేర్లు!
పంతొమ్మిదేళ్లప్పుడు ఈ వేలినే
తలుపు సందులో పెట్టి అడిగారు త్బిలీసిలో.
చెప్పలేదు. వేలు ఇంకా వంకరే.
ఇక్కడ పేరు చెప్పినవాడి గ్లాసు వేరు,
పడక పాయిఖానా గుమ్మం పక్కన,
వాడి చెయ్యి తగిలిన రొట్టె ఎవరూ తినరు.
ముప్ఫై ఏళ్లు నేను దాచుకున్నదల్లా
ఆ ఒక్క మౌనమే.

లమారా బెదిరించలేదు.
హీటరు మీద చేతులు కాచుకుంటూ కూర్చుంది.
కిటికీ బయట ఎవరో మంచు పారతో ఎత్తుతున్నారు,
చప్పుడు ఆగుతోంది, మళ్లీ వస్తోంది.

మల్ఖాజ్, అన్నాను.
నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.
ఇంటిపేరు కూడా చెప్పాను.
నుగ్జార్. తిడతాడు, తిట్టనీ, రాసుకో.
జుంబర్. అన్నదమ్ములిద్దరు, పెద్దాడి పేరు వాజా.
పెన్ను ఆగకుండా వెళ్తోంది.

పదకొండో పేరు దగ్గర ఆగాను.
వాడు లేడు, వదిలెయ్యి, అన్నాను.
తను కాగితం మడవబోయింది.

ఆగు. ఖ్వీచా, రాసుకో.
పక్కన వాడి కూతురి పేరు కూడా.
ఎతేరి.
ఎందుకని అడగలేదు తను.
అక్షరం అక్షరం విడదీసి చెప్పాను,
ఈసారి తప్పు పోకుండా.