ఇరవై అయిదు చదరపు మీటర్లు

అయిదు మీటర్లు ఇటు, అయిదు మీటర్లు అటు,
నాలుగు మేకులు, ఒక నైలాను తాడు.
ఎక్కడ పాతాలో పట్టికలో అంకె చెబుతుంది,
నాకు గాని రైతుకు గాని ఇష్టాయిష్టాలు లేవు.
పంటకోత ప్రయోగం అంటారు మా ఆఫీసులో.
తవిటమ్మ మాత్రం
"బాబు తాడేసే రోజు" అంటుంది.

మునుపు, నాగావళి పల్లంలో,
ఈ తాడు లోపల స్వర్ణ పధ్నాలుగు కిలోలు తూగేది.
నూట అరవై రెండుతో హెచ్చవేస్తే ఎకరా లెక్క.
ముప్పై బస్తాలు.
కాటా ముల్లు ఆగకముందే ఆవిడ చెప్పేసేది,
అరికాలికి తెలుస్తుందట.

ఆ పల్లం ఇప్పుడు జలాశయం అడుగున ఉంది.
మే నెలలో గట్టు మీద నిలబడితే
మోటారు షెడ్డు గోడ ఒకటి, మోకాలెత్తు, బయటపడుతుంది.
పెదగుమ్మివలస పేరు మాత్రం
కాలనీ బోర్డు మీదికి ఎక్కి బతికింది.

ఎకరాకు ఎకరా ఇచ్చారు, కొండవార.
మోసం అనడానికి లేదు,
గొలుసు పెట్టి కొలిచారు, సెంటు తగ్గలేదు.
పల్లం ఇచ్చి గరువు తీసుకున్నారు, అంతే.
కాలువ కిందుగా పోతుంది, పొలం మీదుగా ఉంటుంది.
నీళ్లు కనిపిస్తాయి.
చోళ్లు వేసుకోమన్నారు, జీడి వేసుకోమన్నారు,
తవిటమ్మ మొండికేసి వాన వరి చల్లింది,
ఉబాల పాట లేని వరి.

దిగువన కొత్త ఆయకట్టు ఈ లోటు పూడుస్తుందని
నివేదికలో రాశారు. నేనే టైపు చేశాను.
ఆ దిగువకీ వెళ్లాను మొన్న, తాడు పట్టుకుని.
పట్టిక చూపించిన సర్వే నంబరులో
సున్నం పూసిన రాళ్లు వరసగా నిలబడి ఉన్నాయి,
ప్లాట్లు. వాటిలో ఏం కోయను?
మిల్లులో రెండో యంత్రం గోనెపట్టా కప్పుకుని పడుకుంది.
మొదటిది ఎక్కడి ధాన్యమో ఆడుతోంది,
లారీ నంబరు చూస్తే ఒడిశాది.

పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే
తనను పొరుగింటావిడ చేతిలో పెట్టి
చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారట.
అందుకే తవిటమ్మ.
"అప్పుడు ఇచ్చిన పిల్లనే మల్లీ ఇచ్చినారు బాబూ," అంది,
"మార్చి ఇయ్యనేదు."

ఈ ఏడు అంకె వెళ్లి
పొలంలో బండ తేలిన మూల పడింది.
కోసి, కొట్టి, చెరిగాం.
నాలుగుంపావు.
ముల్లు ఆగేదాకా ఆవిడ ఏమీ అనలేదు.
ఎకరాకు తొమ్మిది బస్తాలు, అని రాశాను.
పై వరుసలో, సాగు విస్తీర్ణం:
మార్పు లేదు.
అదీ నా చేతి రాతే.

కోసిన గింజలు రైతువే, నిబంధన ప్రకారం.
చెంగులో మూట కట్టుకుంది.
ఆ మూటతోనే రేషను బండి వరసకు వెళ్లాలి,
పదకొండుకు వస్తుంది.

నేను తాడు చుడుతున్నాను.
రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.
"ఓపాలి ఆ నీలల్లో ఎయ్యి బాబూ తాడు.
నీ పట్టీలో అంకె ఏటొచ్చినా సరే.
ఏటి తూగుద్దో సూద్దుం."

మేకులు మూడే దొరికాయి.
నాలుగోది ఆ బండ సందులో ఇరుక్కుని
ఎంత లాగినా రాలేదు.