గోడ లైటు

మూడున్నరకు పూలమూట దింపుతాడు ఆటో పిల్లోడు.
ఐదుకల్లా నలభై మూరలు కట్టాల.
ట్యూబులైటు వేస్తే ఆయన నిద్ర చెదురుతాది,
పొద్దుగూకులూ కొండ మలుపులు తిప్పి తిప్పి
ఒంటిగంటకు జీవకోన చేరి పడుకున్న మనిషి.
ఇన్నాళ్లూ సెల్‌ఫోను లైటును చెంబుకు ఆనించి కట్టినా.
కనకాంబరమేదో మరువమేదో
వేళ్లే చెప్పేవి.

మూలగోడకు ఒక లైటు కావాల.
సాకెట్టు మూరెడు కిందే ఉండాది గదా,
దాంట్లోంచి రెండు వైర్లు గుంజితే సరి అనుకున్నా.

చెంగల్రాయులు ముందు సాకెట్టును తాకనే లేదు.
సంబంధానికొచ్చినోడి మాదిరి ఆరా తీసినాడు.
"దీనికి ఏమేమి తగిలిస్తావు దేశమ్మక్కా?"
ఫోను ఛార్జరు. ఎండల్లో ఫ్యాను.
"నీళ్లు కాగబెట్టే కడ్డీ?"
అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది.
చలికాలం, అప్పుడప్పుడు.
ఇంక అది వంటింటి పెద్ద సాకెట్టుకేనని
ఒట్టు వేయించుకున్నాడు.

మెయిను దించి, ఫ్యూజు పీకి
చొక్కా జేబులో వేసుకున్నాడు.
జేబులో ఎందుకబ్బా?
"కింద పెడితే ఎవురో ఒకరు సాయం చేసేస్తారు."
అంతలోనే పక్కింటి పిల్లోడు గుమ్మంలో,
"కరెంటు పోయిందా అక్కా, ఫ్యూజు చూడనా?"
చెంగల్రాయులు జేబు తట్టి చూపించినాడు.

టెస్టరు వెలగలేదు. అయినా నమ్మలేదు.
మెట్లకాడ ఓనరు సాకెట్టులో పెట్టి, అది వెలిగినాక వచ్చినాడు.
"చచ్చిపోయిన టెస్టరు కూడా
కరెంటు లేదనే చెప్తాది."

సాకెట్టు విప్పితే ఎరుపుంది, నలుపుంది,
మూడో కన్నం వెనక ఏమీ లేదు.
పదకొండేండ్లు నోరు తెరుచుకొని ఉండాది,
అడిగినోళ్లు లేరు.
పచ్చవైరు లేకపోయినా వెలుగుతాది గదా అన్నా.
"వెలుగుతాది. పచ్చది వెలగడానికి కాదు.
లైటుది ఇనుప ఒళ్లు,
తడిచేతుల్తో పూలు కట్టేది నువ్వు."
మీటరు బోర్డు దాకా పైపులో పచ్చవైరు లాగేసరికి
మధ్యాహ్నం సద్ది చల్లారిపోయింది.

లైటు బెత్తెడు పక్కన కావాలన్నా, కిటికీ దిక్కు.
ఏటవాలుగా గీకితే వైరు కలిసొస్తాది.
ఒప్పుకోలేదు. సాకెట్టుకు నిట్టనిలువునా పైన
పెన్సిల్‌తో గీత గీసినాడు.
"రేపు ఈ ఇంట్లో ఎవురుంటారో.
క్యాలెండరుకు మేకు కొట్టేవాడు
లైటును చూస్తాడు, సాకెట్టును చూస్తాడు,
నడుమ వైరు ఉందని ఎరుగుతాడు.
మనం వంకర పోతే
వాడి సుత్తికి ఏం తెలుస్తాది?"

ఆ ముక్కూ మొగమూ తెలియనోడి కోసం
నా లైటు బెత్తెడు జరిగింది.

మూడువందలూ రెండు మూరల మల్లెపూలూ తీసుకొని పోయినాడు.

ఇప్పుడు మూడున్నర.
చేతులు కొంగుకు తుడుచుకొని, ఇంకోసారి తుడుచుకొని
స్విచ్చి నొక్కినా.
కనకాంబరం రంగు ఇంత కారంగా ఉంటాదని మర్చేపోయినా.
ఒక చీమ మరువం కొమ్మ మీద నిలబడి
ఎటు పోవాలో చూసుకుంటాంది.
ఆయన అటు తిరిగి పడుకున్నాడు,
నిద్రలో ఏదో మలుపు దిగినట్టు.