నా గొంతు డ్యూటీలో ఉంది

జ్ఞానాపురం వైపు గేటు దగ్గర
పల్లీలు కొంటున్నాను.
నెత్తి మీద స్పీకర్లోంచి నేనే మాట్లాడుతున్నాను.
"దయచేసి వినండి."
పల్లీలవాడు తలెత్తలేదు.
నేను మాత్రం, పొట్లం పట్టుకుని,
ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వెనక్కి తిరిగాను.

ఇరవై రెండేళ్ళు చెప్పాను.
ఆఖర్న ఒక వేసవిలో గాజుగదిలో కూర్చోబెట్టి
నన్ను ముక్కలు ముక్కలుగా తీసుకున్నారు.
ఒకటి. రెండు. మూడు. అలా తొంభై తొమ్మిది దాకా.
దువ్వాడ. కొత్తవలస. శృంగవరపుకోట. బొర్రా గుహలు.
"వచ్చుచున్నది." "బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది."
మధ్యలో ఊపిరి చప్పుడు వినబడితే
ఆ ముక్క మళ్ళీ చెప్పించారు.
ఇప్పుడా ముక్కల్ని మిషను కలుపుకుంటుంది.
కూరలు తరిగిచ్చి వెళ్ళిపోయిన మనిషి ఎవరని
తినేవాళ్ళు అడుగుతారా?

కంచరపాలెంలో నేను మినప్పప్పు కడుగుతుంటే
అక్కడ నా గొంతు డ్యూటీలో ఉంటుంది.
దానికి జలుబు చెయ్యదు. తుఫాను సెలవు లేదు.
నా కంటే అదే బాగా పనిచేస్తోందని
పాత స్టాఫు ఎదురుపడితే మెచ్చుకుంటారు కూడా.

పెళ్ళిభోజనాల్లో పక్క విస్తరావిడ
ఒక్క మాట వినగానే "అయ్యో, ఆ స్టేషనమ్మాయి మీరేనా!" అనేది.
అదే నా పేరు, అదే ఇంటిపేరు.
నూకరత్నం అని ఒకర్తి ఉందని
రేషన్ కార్డుకీ మా అమ్మకీ తప్ప తెలీదు.
అన్నానికి రమ్మంటే మా దాలినాయుడు
"ఎన్నో నంబరు ప్లాట్‌ఫారం?" అనేవాడు.
నవ్వేదాన్ని.
పక్క మీద వాలాక
ఇందాక నవ్వింది ఎవరి గొంతా అనుకునేదాన్ని.

మానేశాక ఆర్నెల్లు మాట్లాడబుద్ధి కాలేదు.
నోరు తెరిస్తే బండి వచ్చేస్తుందేమోనని.

ఒకరోజు పక్కవాటాలో ఎల్లాజీకి జ్వరం.
తడిగుడ్డ నుదుటి మీద వేస్తుంటే
"అత్తా, ఓపాలి రైలుని పిలవ్వే" అన్నాడు గుంటడు.
ఏ రైలు పేరూ నోటికి రాలేదు.
కిటికీలోంచి యారాడ కొండ వైపు చూసి అన్నాను:
"దయచేసి వినండి.
యారాడ నుండి మన పెరటికి వచ్చు మబ్బు
నాలుగు చినుకులు ఆలస్యముగా నడుచుచున్నది."
"మల్లీ!" అన్నాడు.
"పెదజాలరిపేట నుండి బయలుదేరిన వంజరం చేప
అచ్చియ్యమ్మ తట్టలో నిద్రించుచున్నది. లేపరాదు."
"మల్లీ సెప్పే!"
"పోయిన కరెంటు గురించి
మా వద్ద ఏ సమాచారమూ లేదు."
వాడు దగ్గుతూ నవ్వాడు.
నేను ఆగి ఊపిరి తీసుకున్నాను.
చప్పుడైంది. గది నిండా వినబడింది.
ఎవరూ మళ్ళీ చెప్పమనలేదు.

ఆ రాత్రే కేలెండరు చింపి వెనకవైపు రాసుకున్నాను.
తర్వాత మే, జూన్, ఆగస్టు కూడా చింపేశాను.
మా ఇంట్లో ఇప్పుడు తారీకు తెలీదు.
చీమల గూడ్సు, ఉప్పుగాలి ఎక్స్‌ప్రెస్,
అమ్మ చివరిసారి దిగిపోయిన చోటు,
పెన్ను ఆగితే ఆగిన చోట గీత పెట్టి
పప్పు చూసి వస్తాను.
"పుస్తకం వెయ్యండి, పేరొస్తుంది" అంది మేడమీద టీచరు.
వద్దమ్మా. ఉన్న పేరే ఇన్నాళ్ళకి చేతికొచ్చింది.
ఇది కూడా డ్యూటీ అయిపోతే
మళ్ళీ ఏ గుంటడికి జ్వరం రావాలి?

ఈ ఊరి స్టేషన్లో బండి
వచ్చిన మొహంతో ముందుకు పోలేదు.
ఇంజను విప్పి తోకకి తగిలిస్తారు.
అంతసేపూ ఎదురుచూపుగా కూర్చున్నవాళ్ళు
ఇక్కణ్ణించి వీపు ముందుకు పెట్టి వెళతారు.
కొందరు కంగారుపడి
మళ్ళీ ఇంటికే పోతోందా అని అడుగుతారు.
ఇరవై రెండేళ్ళు ఆ గదిలోనే ఉన్నాను గానీ
ఇంజను మారడం ఒక్కసారీ చూళ్ళేదు.
ఇవాళ పల్లీలు నములుతూ
కొక్కెం పడేదాకా చూశాను.

"కలిగిన అసౌకర్యమునకు
చింతిస్తున్నాము" అంది పైనుంచి నా గొంతు.
"పర్లేదులే" అన్నాను,
కాస్త గట్టిగానే.
ఈసారి
పల్లీలవాడు తలెత్తాడు.