తొంభై దాటితే లేపు

కిటికీ జానెడు తెరిచి పెట్టింది తరళ.
జనవరి. డండీ. టే నది మీంచి గాలి
అడక్కుండానే లోపలికొచ్చి
బల్ల కింది ఇనప్పెట్టె ముందు కూర్చుంది.
"మనకి చలి, దానికి మందు" అంది.
పద్నాలుగేళ్లు. రేపు లెక్కల పరీక్ష.
పది దాటితే పడుకోవాలన్నది ఇంటి చట్టం.
చట్టం చేసినవాణ్ణి నేనే కనక
కాపలా నా మీద పడింది.

ఆ చిప్పు కొత్తది కాదు.
లోఖీ రోడ్డులో కాలమ్ అనే కుర్రాడు
అరవై పౌండ్లకి అమ్మాడు.
కాలం అమ్మితే కొనుక్కుని
ఇప్పుడు దాన్నే తొందరపెడుతున్నాం.

పాత పూతని స్పిరిట్టు గుడ్డతో తుడిచింది.
కొత్తది కందిగింజంత పెట్టింది, అంతే.
"ఇంకాస్త వెయ్యవే" అన్నాను.
"నెయ్యి కాదు నాన్నా."

తర్వాత గీతల నోటుబుక్కు.
నాలుగు పాయింట్ ఏడు. కాసేపు ఉడకనిచ్చి, రాసింది.
ఎనిమిది. రాసింది. తొమ్మిది.
ఒక్కసారికి ఒక్క మెట్టే.
వోల్టేజి దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టింది,
చంటిబిడ్డకి మందు చుక్కలు లెక్కపెట్టేదానిలా.
"వేగం ఎక్కువైతే పడిపోతుంది, మళ్లీ లేస్తుంది.
ఇది ఎక్కువైతే లేవదు."
ఆ మాట పక్కన ఎర్రగీత.

ఐదు దగ్గర నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.
"తెల్లారేదాకా చెయ్యమని లెక్కలిచ్చాను.
ఈ అంకె చూస్తుండు.
తొంభై దాటితే ఇది నొక్కి, నన్ను లేపు."

పన్నెండేళ్లుగా బస్సు నడుపుతున్నాను,
ముల్లు చూడ్డం నాకు కొత్త కాదు.
డెబ్భై తొమ్మిది. ఎనభై ఒకటి. ఎనభై.
పన్నెండున్నరకి శాలువా కప్పుకున్నాను,
కిటికీ మూయలేదు.
రెండింటికి ఎనభై ఆరు.
పెట్టె మీంచి నా టీ కప్పు తీసి దూరంగా పెట్టాను.
తెలివిమాలిన పనని తెలుసు.
అయినా పెట్టాను.

నాలుగూ పదికి తెర నీలమైంది.
ఏదో రాసుంది, చదవలేదు.
తొంభై దాటలేదు, ఒట్టు, ఎనభై నాలుగే.
"తల్లీ, చంపేశానే!"

జుట్టంతా మొహం మీద, ఒక్క కన్నే తెరిచి
వచ్చి మీట నొక్కింది.
లేచింది.
"వేడి కాదు. ఎక్కడో లెక్క తప్పింది,
తప్పాక ముందుకి పోకుండా ఆగింది."
"ఆరుగంటలు బాగానే చేసిందిగా, చాలదా?"
నా వైపు చూసింది—
బ్రేకులు మధ్యాహ్నం దాకా బాగానే పట్టాయని చెప్పే డ్రైవర్ని
డిపో మెకానిక్కు చూసినట్టు.

ఒక మెట్టు దించింది.
బుక్కులో ఐదు ఎదురుగా రాసింది: దీనికి పడలేదు.
"కాలమ్ దగ్గరున్నది ఐదుంబావు పోతుందట."
"మరి మనదో?"
"మనది మనదే."
దుప్పటి ఈడ్చుకుంటూ వెళ్లిపోయింది.

ఐదున్నరకి డిపో. రోడ్డంతా సముద్రపు పొగ.
బ్రౌటీ ఫెర్రీ చేరేసరికి మూడు నిమిషాలు ఆలస్యం.
రోజూ ఎక్కే మిసెస్ గెడిస్ గడియారం వంక చూసి
నా వంక చూసింది.
దారి ఖాళీ. కాలు బరువుగానే ఉంది.
తొక్కలేదు.
ఇంట్లో ఆ కిటికీ మూశానో లేదో
ఎంతకీ గుర్తు రాలేదు.